పోలీస్ స్టేషన్‌లో సమానత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

పోలీసుల దృష్టిలో కులం, మతం, ఆడ, మగ తేడా లేదని ప్రతి వేదిక మీదా చెబుతారు. స్టేషన్ గడప దాటాక అది నిజమో కాదో తేల్చేది కాగితమే. మీ ఫిర్యాదు మీద ముద్ర పడిందా, స్టేషన్ రోజువారీ రిజిస్టరైన జనరల్ డైరీలో ఎక్కిందా, మీరన్న మాటే రాశారా అన్నదే లెక్క. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ స్టేషన్లకు వెళ్లేవాళ్లు, వాళ్లకు తోడు వెళ్లేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్), సీఆర్‌పీసీ బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) అమల్లోకి వచ్చాయి కాబట్టి సెక్షన్ నంబర్లు కొత్తవే ఇచ్చాం.

పోలీసులు అందరినీ ఒకేలా చూడాలని ఎక్కడ రాసి ఉంది?

రాజ్యాంగంలో 14, 15, 17, 21 అధికరణాల్లో ఉంది. అయితే స్టేషన్‌లో అధికరణాలు వల్లిస్తే పని జరగదు. పనికొచ్చేవి వాటి కింద వచ్చిన చట్టాలు: 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (అట్రాసిటీ చట్టం), దాని 1995 నియమాలు, పిల్లల మీద లైంగిక నేరాలకు 2012 పోక్సో, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, 2017 మానసిక ఆరోగ్య చట్టం, 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం. ఇవి పోలీసు ఏం చేయాలో, ఎన్ని రోజుల్లో చేయాలో విడమరిచి చెబుతాయి. అందుకే వీటితో మాట్లాడితే వింటారు.

స్టేషన్‌కి వెళ్లగానే ముందు ఏం చేయాలి?

పిటిషన్ రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి రిసెప్షన్‌లో ఇచ్చి, రెండోదాని మీద తేదీ, సమయం, స్టేషన్ ముద్ర, తీసుకున్నవాళ్ల సంతకం అడగండి. "ఎస్సై గారు బందోబస్తుకెళ్లారు, సాయంత్రం రండి" అనడం మామూలే. ఎస్సై లేకపోయినా ఆ పూట స్టేషన్ చూసుకునే అధికారి ఒకరుంటారు, ఫిర్యాదు ఆయన తీసుకోవాలి. రాయడం రాకపోతే నోటితో చెప్పండి. రాసుకుని, మీకు చదివి వినిపించి, సంతకం తీసుకోవాల్సిన బాధ్యత వాళ్లది.

నేరం ఆ స్టేషన్ పరిధిలో జరగలేదన్నా తిప్పి పంపకూడదు. జీరో ఎఫ్ఐఆర్ కట్టి, సంబంధిత స్టేషన్‌కి వాళ్లే పంపాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఈ మూడు రోజుల సంగతి చాలామంది మరిచిపోతారు, ఫిర్యాదు అక్కడే ఆగిపోతుంది.

ఎఫ్ఐఆర్ కట్టనంటే?

కాగ్నిజబుల్ నేరం, అంటే వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరం, కనిపిస్తుంటే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013 నవంబర్‌లో లలితా కుమారి కేసులో తేల్చింది. కట్టకపోతే మెట్లు ఇవి. బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) కింద అదే ఫిర్యాదును ఎస్పీకి, కమిషనరేట్ అయితే డీసీపీకి, స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టాఫీసు రసీదు పారేయకండి, తర్వాత కోర్టు అడిగేది దాన్నే. అప్పటికీ కదలిక లేకపోతే 175(3) కింద మేజిస్ట్రేట్ దగ్గర దరఖాస్తు వేయొచ్చు. ఎస్పీ మెట్టు ఎక్కకుండా నేరుగా మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లినవాళ్లను కోర్టు వెనక్కి పంపుతుంది.

అత్యాచారం, లైంగిక దాడి, యాసిడ్ దాడి, మనుషుల అక్రమ రవాణా లాంటి కేసుల్లో ఫిర్యాదు నమోదు చేయని పోలీసు మీదే బీఎన్‌ఎస్ 199 కింద కేసు పెట్టొచ్చు. ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు కఠిన జైలు.

కులం పేరుతో తిట్టారు. పిటిషన్ ఎలా రాయాలి?

ఎస్సీ, ఎస్టీ కేసులు ఎక్కువగా నీరుగారేది ఇక్కడే, మొదటి కాగితంలోనే. "ఫలానా వ్యక్తి నన్ను కులం పేరుతో దూషించాడు, తగిన చర్య తీసుకోగలరు" అని ఒక్క ముక్క రాసిస్తారు. ఆరు నెలల తర్వాత కోర్టులో డిఫెన్స్ లాయరు అడిగేది: ఏ మాట అన్నాడు? ఎక్కడ? ఎవరు విన్నారు?

అట్రాసిటీ చట్టంలోని 3(1)(ఆర్), 3(1)(ఎస్) సెక్షన్లకు "నలుగురికి కనిపించే చోటు" కీలకం. బాధితుడు ఎస్సీ లేదా ఎస్టీ, తిట్టినవాడు కాదు అన్నది కూడా రాయాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు లేనప్పుడు తిడితే ఈ సెక్షన్లు వర్తించవని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటి గేటు దగ్గరైనా, రోడ్డు మీదికి కనిపించే వాకిట్లో అయినా అది నలుగురి కంటపడే చోటే. ఇద్దరి మధ్య ఫోన్లో తిట్టింది ఈ సెక్షన్ల కింద నిలబడటం కష్టం.

కాబట్టి ఇలా రాయండి: "నేను ఎస్సీ, మాల కులస్థుడిని. ప్రతివాది ఫలానా కులస్థుడు, నా కులం ఆయనకు తెలుసు. 12వ తేదీ సాయంత్రం సుమారు 6 గంటలకు, మా ఊరి రచ్చబండ దగ్గర, ఫలానా ఇద్దరు వింటుండగా, నన్ను చూసి ఈ మాట అన్నాడు." ఆ మాట ఎంత అసహ్యంగా ఉన్నా ఉన్నదున్నట్టు రాయండి. రాయడానికి సిగ్గుపడి "అసభ్య పదజాలం" అని మార్చేస్తే అసలు నేరమే కాగితం మీద నుంచి మాయమైపోతుంది. స్టేషన్‌లో రాతపని చేసే రైటర్లు కూడా మర్యాద కోసం అలా మార్చేస్తుంటారు. సంతకానికి ముందు చూసుకోండి.

కుల ధ్రువపత్రం ఎఫ్ఐఆర్ రోజే కావాలని పట్టుబడితే అది తప్పు. చార్జిషీటు నాటికి కావాలి గనుక తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు మాత్రం ఆ వారంలోనే పెట్టండి.

"ముందు విచారించి, తర్వాత కేసు చూస్తాం" అంటున్నారు. ఒప్పుకోవాలా?

ఎస్సీ, ఎస్టీ చట్టం కింద ఒప్పుకోనక్కర్లేదు. 2018లో అందులో చేర్చిన 18ఏ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు, అరెస్టుకు పైఅధికారి అనుమతీ అక్కర్లేదు. సుప్రీంకోర్టు 2020లో దీన్ని సమర్థించింది. పైకి చూస్తే అసలు కేసే లేదని తేలిన సందర్భాల్లో తప్ప ముందస్తు బెయిల్ కూడా లేదు.

బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఒక మెలిక ఉంది. మూడేళ్లు మొదలు ఏడేళ్లలోపు శిక్షపడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజులు ప్రాథమిక విచారణ జరపొచ్చు. దాన్ని చూపించి అట్రాసిటీ కేసుల్లోనూ ఆపుతుంటారు. ప్రత్యేక చట్టం ముందు ఆ మెలిక చెల్లదని చెప్పండి, చెప్పింది కాగితం మీద ఇవ్వండి.

దర్యాప్తు డీఎస్పీ (కమిషనరేట్‌లో ఏసీపీ) స్థాయికి తగ్గని అధికారే చేయాలి. ఎస్సై చేసిన దర్యాప్తు మీద కేసు కొట్టేయించుకున్న నిందితులున్నారు. వాంగ్మూలం తీసుకునేది ఎవరో పేరు, హోదా రాసి పెట్టుకోండి. చార్జిషీటుకు గడువు 60 రోజులు. నిందితుడి బెయిల్ దరఖాస్తు వచ్చినప్పుడు మీకు నోటీసు ఇవ్వాలి, మీ వాదన వినాలి. అది అదే చట్టం 15ఏ సెక్షన్ ఇచ్చిన హక్కు. తెలియక చాలామంది వాడుకోవడం లేదు.

వాళ్లు మా మీద కౌంటర్ కేసు పెట్టారు. రాజీ పడమంటున్నారు.

అట్రాసిటీ కేసు పడిన మర్నాడే దొంగతనం అనో, కొట్టారనో ఎదురు కేసు పడటం ఈ రెండు రాష్ట్రాల్లో పాత పద్ధతే. రెండు ఎఫ్ఐఆర్ల సమయాలు పోల్చండి. మీది సాయంత్రం 7కి, వాళ్లది మర్నాడు మధ్యాహ్నం అయితే ఆలస్యానికి కారణం వాళ్లు చెప్పుకోవాలి. గాయాలుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో వెంటనే చూపించుకుని ఆ కాగితం ఉంచుకోండి. స్టేషన్‌లో పంచాయితీ పెట్టి రాజీ చేసే అధికారం పోలీసుకు లేదు. బలవంతం చేస్తే తేదీతో సహా ఎస్పీకి రాయండి.

కావాలని విధులు నిర్లక్ష్యం చేసిన, ఎస్సీ, ఎస్టీ కాని అధికారికి అట్రాసిటీ చట్టం 4వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది శిక్ష ఉంది. కానీ అది శాఖాపరమైన విచారణ సిఫార్సు వస్తేనే కదులుతుంది. అందుకే ఆ సెక్షన్ కింద కేసులు అరుదు.

పరిహారం ఎంత, ఎప్పుడు?

నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల రూపాయల దాకా. కులం పేరుతో అవమానిస్తే లక్ష: ఎఫ్ఐఆర్ దశలో 25 శాతం, చార్జిషీటు కోర్టుకు వెళ్లాక 50, శిక్ష పడ్డాక మిగతా 25. హత్య కేసులో 8.25 లక్షల్లో సగం పోస్టుమార్టం తర్వాత, సగం చార్జిషీటు తర్వాత. తక్షణ సాయం ఏడు రోజుల్లో అందే ఏర్పాటు కలెక్టర్ చేయాలి. ఫైలు నడిపేది తెలంగాణలో ఎస్సీ అభివృద్ధి శాఖ, ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ శాఖ. ఎఫ్ఐఆర్ కాపీ, కుల ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు మీరే తీసుకెళ్లి ఇవ్వండి. స్టేషన్ నుంచి కాగితాలు వస్తాయని కూర్చుంటే నెలలు గడుస్తాయి.

చర్చికి వెళతాం. అట్రాసిటీ కేసు చెల్లుతుందా?

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. మతం మారి క్రైస్తవం ఆచరిస్తున్నవారికి ఈ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. ఎస్టీలకు ఈ మతం షరతు లేదు. చట్టం వర్తించకపోయినా కొట్టడం, బెదిరించడం, అవమానించడం బీఎన్‌ఎస్ కింద నేరాలే. ఎఫ్ఐఆరే కట్టమని పంపేస్తే అది తప్పు.

ఊళ్లో హోటల్లో దళితులకు వేరే గ్లాసులు, గుళ్లోకి రానివ్వరు. ఎవరికి చెప్పాలి?

ప్రతి నెల 30న పౌర హక్కుల దినం పేరుతో తహసీల్దార్, ఎస్సై ఒక గ్రామానికి వెళ్లి దళితులతో సమావేశం పెట్టాలి. చాలాచోట్ల పంచాయతీ ఆఫీసులో ఫొటో దిగి వచ్చేస్తారు. సమావేశం దళితవాడలో పెట్టమని ముందే రాసివ్వండి. ఏ హోటలో, ఏ గుడో, ఏ క్షౌరశాలో పేరుతో చెప్పి, ఆ మాట రిజిస్టర్లో రాయించండి. అక్కడ కదలకపోతే కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకోసారి కూర్చోవాల్సిన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉంది. ఫోన్ కావాలంటే 14566, దళితులు, గిరిజనుల మీద అత్యాచారాల కోసం పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్.

1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల ఊచకోతలు జరిగిన నేల ఇది. 1989 చట్టం వెనుక కారంచేడు ఉంది. ఆ చట్టం వచ్చాక కూడా చుండూరు జరిగింది.

కులాంతర పెళ్లి చేసుకున్నాం. స్టేషన్‌కి వెళితే మా వాళ్లకు అప్పజెబుతారా?

మేజర్లయితే అప్పజెప్పే హక్కు ఎవరికీ లేదు. ముందుగా పదో తరగతి మెమోలు చేతిలో పెట్టుకోండి, వయసుకు అదే గట్టి రుజువు. అమ్మాయి ఇంటివాళ్లు ఈపాటికే "మిస్సింగ్" కేసు పెట్టి ఉంటారు. ఆమె స్వయంగా వచ్చి "ఇష్టపూర్వకంగా వెళ్లాను" అని వాంగ్మూలం ఇస్తే ఆ కేసు అక్కడితో సరి. కేసు ఉన్న స్టేషన్‌కి వెళ్లడం ప్రాణం మీదికి వస్తుందనుకుంటే జిల్లా ఎస్పీ ఆఫీసుకు వెళ్లండి.

కౌన్సెలింగ్ పేరుతో అమ్మాయిని ఒక్కదాన్ని తల్లిదండ్రులతో గదిలో కూర్చోబెట్టడం మామూలుగా జరుగుతుంది. అందుకు ఒప్పుకోనని ఆమె చెప్పొచ్చు. ప్రమాదం ఉందని చెప్పిన జంటకు రక్షణ ఇవ్వాలని, ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం, అవసరమైతే సురక్షిత వసతి ఉండాలని సుప్రీంకోర్టు 2018 మార్చిలో శక్తివాహిని కేసులో ఆదేశించింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లోనే మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్నందుకు ప్రణయ్‌ను చంపారు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవితఖైదు వేసింది. కాబట్టి "మీ నాన్నే కదా, ఏం చేస్తాడు" అనే మాటకు లొంగకండి. ప్రాణభయం ఉందన్నది పిటిషన్‌లో మొదటి వాక్యంగా రాయండి, ఎవరి వల్లో పేర్లు రాయండి.

ఆడవాళ్లను సాక్ష్యం కోసం స్టేషన్‌కి రమ్మంటున్నారు.

సాక్షిగా అయితే రానక్కర్లేదు. మహిళలను, 15 ఏళ్ల లోపు లేదా 60 దాటిన మగవాళ్లను, దివ్యాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లను ఉన్నచోటే విచారించాలని బీఎన్‌ఎస్‌ఎస్ 179 చెబుతుంది. ఇష్టమై వస్తే వేరు. లైంగిక నేరాల్లో బాధితురాలి ఫిర్యాదును మహిళా అధికారే రాసుకోవాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి.

తెలంగాణలో వేధింపులకు 2014లో మొదలైన షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు, లైంగిక హింసకు భరోసా కేంద్రాలు ఉన్నాయి. వైద్యం, వాంగ్మూలం, కౌన్సెలింగ్ ఒకేచోట జరగడం భరోసాలో ఉన్న సౌలభ్యం. రెండు రాష్ట్రాల్లోనూ 112 (అత్యవసర నంబర్), 181 (మహిళల హెల్ప్‌లైన్) పనిచేస్తాయి.

పిల్లల కేసులో యూనిఫాంతో ఇంటికొచ్చారు.

పోక్సోలో అది నిషిద్ధం. బిడ్డ ఉన్నచోట లేదా కోరుకున్నచోట, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, మామూలు బట్టల్లో మాట్లాడాలి. తల్లిదండ్రులో, బిడ్డ నమ్మే పెద్దవాళ్లో పక్కనుండాలి. రాత్రిపూట ఏ బిడ్డనూ స్టేషన్‌లో ఉంచకూడదు. 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. హెల్ప్‌లైన్ 1098.

ట్రాన్స్‌జెండర్లను రోడ్డు మీద నుంచి పట్టుకెళ్లే అధికారం ఉందా?

ట్రాన్స్‌జెండర్ అయినందుకు లేదు. నిజాం కాలం నాటి, 1329 ఫసలీ (1919) హిజ్రాల చట్టం వాళ్ల పేర్లతో రిజిస్టర్ పెట్టమంది, వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చంది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జూలైలో కొట్టేసింది. వందేళ్ల చట్టం పోయినా అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. అడుక్కుంటున్నారని బండి ఎక్కిస్తే ఏ సెక్షన్ కిందో అడగండి, అరెస్టు మెమో అడగండి.

సోదా విషయానికొస్తే, 2022 జనవరిలో కేంద్ర హోంశాఖ జైళ్లకు పంపిన సూచనల్లో ఆ వ్యక్తి కోరుకున్న జెండర్ సిబ్బందే చేయాలని ఉంది. స్టేషన్‌లోనూ అదే కోరండి. పిటిషన్‌లో ఇప్పటి పేరు రాసి, ఆధార్‌లో వేరే పేరుంటే "అలియాస్" అని చేర్చండి. లేకపోతే పేరు కలవలేదని కోర్టులో గొడవ. తెలంగాణ మహిళా భద్రతా విభాగం కింద ప్రైడ్ ప్లేస్ పేరుతో ప్రత్యేక సెల్ ఉంది.

చెవిటి, మూగ వ్యక్తి ఫిర్యాదు ఎలా ఇస్తారు? మానసిక స్థితి బాగాలేనివాళ్లనైతే?

లైంగిక నేరాల్లో దివ్యాంగురాలి ఫిర్యాదును ఆమె ఇంటి దగ్గరో, అనుకూలమైన చోటో, దుబాసీ లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ ఎదుట రాసుకుని వీడియో తీయాలి. ఇంట్లోవాళ్లే సైగలు చెప్పేస్తే పని సులువవుతుందని పోలీసులు అనుకుంటారు. నేరం చేసింది ఇంట్లోవాడే అయితే కేసు అక్కడే చచ్చిపోతుంది. బధిరుల పాఠశాల టీచర్‌ను పిలిపించమనండి.

మానసిక అనారోగ్యంతో రోడ్ల మీద తిరిగేవాళ్లను లాకప్‌లో పెట్టకూడదు. 2017 చట్టం 100వ సెక్షన్ ప్రకారం 24 గంటలు దాటకుండా దగ్గరి ప్రభుత్వ వైద్యశాలకు తీసుకెళ్లాలి.

తెలుగు రాదు. ఉర్దూలోనో గోండిలోనో చెబితే తీసుకుంటారా?

ఉర్దూ రెండు రాష్ట్రాల్లోనూ రెండో అధికార భాష. ఉర్దూ పిటిషన్ వెనక్కివ్వడానికి కారణం లేదు. గోండి, కోయ, లంబాడీ మాట్లాడేవాళ్లు నోటితో చెప్పొచ్చు, అర్థం చేసుకునే మనిషిని పెట్టుకోవాల్సింది స్టేషన్. ఏజెన్సీలో ఎదుటి పార్టీకి తెలిసినవాడే దుబాసీగా కూర్చోవడం మాత్రం చూసుకోండి. దుబాసీ పేరు, సంతకం కాగితం మీద ఉండాలి.

మా కులంవాళ్లను ఏ దొంగతనం జరిగినా ముందు పిలుస్తారు.

1871లో మొదలై 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చిన నేరస్థ తెగల చట్టం ఎరుకల లాంటి కులాలను పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసింది. వాళ్లను కట్టడిలో ఉంచిన స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పుట్టింది ఆ చట్టం నీడలోనే. 1952లో చట్టం రద్దయింది. ఆ ముద్ర తీసేసిన (డీనోటిఫైడ్) తెగలవాళ్లను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్‌లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది మే నెలలో, వెనుకబడిన వర్గాల అమాయకుల పేర్లు హిస్టరీ షీట్లలో (నిఘా కోసం స్టేషన్‌లో పెట్టే రికార్డుల్లో) యాంత్రికంగా ఎక్కించకూడదని కూడా చెప్పింది. మీ పేరున షీటు ఉందో లేదో సమాచార హక్కు దరఖాస్తుతో అడగండి, జవాబుకు గడువు 30 రోజులు. ఉంటే ఏ కేసుల ఆధారంగానో రాసివ్వమని, కేసులు కొట్టేసి ఉంటే షీటు మూసేయమని ఎస్పీని కోరండి.

పోలీసుల్లోనే అన్ని వర్గాలూ ఉన్నాయా?

ఎంపిక నిబంధనలు ఉన్నాయి. సివిల్ కానిస్టేబుల్ పోస్టుల్లో మూడో వంతు మహిళలకు. ఎత్తు మగవాళ్లకు 167.6 సెం.మీ., మహిళలకు 152.5. తెలంగాణ ఏజెన్సీ ప్రాంతపు ఎస్టీలకు 160, 150. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ ట్రాఫిక్‌లో ట్రాన్స్‌జెండర్లను అసిస్టెంట్లుగా తీసుకున్నారు. నియామకం వరకు బాగానే ఉంది. వచ్చిన మహిళలను రిసెప్షన్‌కి, కంప్యూటర్‌కి పరిమితం చేస్తే దర్యాప్తు మాత్రం పాతవాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

పోలీసే వివక్ష చూపించాడు. ఆధారం ఏముంటుంది?

సీసీ కెమెరా. 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో ప్రవేశద్వారం, లాకప్, వరండా, రిసెప్షన్, ఎస్సై గదితో సహా శబ్దం రికార్డయ్యే కెమెరాలు పెట్టమంది. రికార్డు 18 నెలలు, కనీసం ఏడాది ఉంచాలి. కెమెరా పాడైందనే మాట తరచూ వింటాం గనుక, ఘటన జరిగిన రెండు మూడు రోజుల్లోనే "ఫలానా తేదీ, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు ఫుటేజీ భద్రపరచండి" అని ఎస్పీకి పోస్టులో రాయండి. సోమవారం ఎస్పీ ఆఫీసు గ్రీవెన్స్‌లో ఇస్తే రసీదు చేతికొస్తుంది. మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లాలంటే ఘటన జరిగి ఏడాది దాటకూడదు. ఉచిత లాయరు కోసం న్యాయ సేవాధికార సంస్థ నంబర్ 15100.

రైటర్ మా మాటను తన మాటల్లో రాసేశాడు. సంతకం పెట్టాలా?

పెట్టకముందే చదివించుకోండి. "కొట్టాడు" బదులు "తోపులాట జరిగింది" అని, "బెదిరించాడు" బదులు "మాటామాటా పెరిగింది" అని ఉంటే దిద్దమనండి. కొట్టివేత పక్కన మీ సంతకం, తేదీ పెట్టండి. చివరి లైను కింద ఖాళీ ఉంటే గీత కొట్టి, ఆ గీత పక్కనే సంతకం చేయండి. వేలిముద్ర అయితే తోడొచ్చినవాళ్లు చదివి వినిపించినట్టు రాసి వాళ్లూ సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. జిరాక్సు డబ్బులని 20 రూపాయలు అడిగినా ఇవ్వక్కర్లేదు.